దృశ్యం ఎన్నిసార్లు చూసినా అదే టెన్షన్, ఎందుకు? థ్రిల్లర్లు మనల్ని ఎలా పట్టుకుంటాయో తెలిసినవాళ్ళు చెప్పండి (స్పాయిలర్లు ఉన్నాయి)

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. చాలా రోజుల నుంచి బుర్రలో తిరుగుతున్న డౌట్ ఇది. మొన్న ఆదివారం టీవీలో వెంకటేష్ దృశ్యం వేస్తే ఇంట్లో అందరం కూర్చుని చూసాం. మా అత్తయ్యగారికి ఆ సినిమా సీన్ సీన్ నోటికొచ్చు, కుర్రాడ్ని ఎవరు చంపారు, శవం ఎక్కడుంది, చివర్లో ఏమవుద్ది అన్నీ తెలుసు, అయినా పోలీసులు పెరట్లో గుంత తవ్వడం మొదలెట్టేసరికి ఒలుస్తున్న చిక్కుడుకాయలు చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు. నేనూ అంతే, నీళ్ళకి లేద్దామనుకుని కూడా లేవలేదు.

అదే వారంలో ఓటీటీలో ఒక కొత్త థ్రిల్లర్ చూసాను. పది నిమిషాలకో ట్విస్ట్, ప్రతి ట్విస్ట్‌కీ చెవులు పగిలేలా మ్యూజిక్, హంతకుడు ఎవరో ఆఖరి దాకా తెలియనివ్వలేదు, తీరా చూస్తే నేను సగం సినిమా ఫోన్ చూసుకుంటూనే గడిపేసా. ఏం జరుగుద్దో తెలియని సినిమా బోర్ కొట్టడం ఏంటి, మొత్తం తెలిసిన సినిమాకి గుండె దడదడలాడటం ఏంటి?

నేను సినిమా ఫీల్డ్ కాదండి, బ్యాంకులో పని. అప్పుడప్పుడు కథలు రాస్తుంటా, అందుకే ఇది నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఈ టెన్షన్ స్క్రిప్ట్ నుంచి వస్తుందా, కెమెరానా, ఎడిటింగా, లేక మొత్తం ఆర్ఆర్ (బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్) మహిమేనా? పేర్లు చెప్పి వదిలేయకుండా ఫలానా సీన్‌లో ఫలానాది ఇలా చేసారు అని చెప్తే బాగా అర్థమవుద్ది.

నేలటికెట్:

గోదారిగట్టు గారూ, దీనికి సస్పెన్స్ సినిమాల డైరెక్టర్ హిచ్‌కాక్ ఎప్పుడో జవాబు చెప్పేసాడండి. 1962లో త్రుఫో అనే ఫ్రెంచ్ డైరెక్టర్ ఆయన్ని రోజుల తరబడి కూర్చోబెట్టి ప్రతి సినిమా గురించీ అడిగాడు, 1966లో అది పుస్తకంగా వచ్చింది. అందులో బాంబు ఉదాహరణ ఒకటి చెప్తాడు. ఇద్దరు టేబుల్ దగ్గర కూర్చుని ఏదో మామూలు కబుర్లు చెప్పుకుంటున్నారు, ఉన్నట్టుండి టేబుల్ కింద బాంబు పేలింది, ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు, అది ఓ పదిహేను సెకన్లు. అదే బాంబు పెట్టడం ప్రేక్షకుడికి ముందే చూపించి, ఒంటిగంటకి పేలుతుందని చెప్పి, గోడ మీద గడియారంలో పావు తక్కువ ఒంటిగంట చూపిస్తే అవే పనికిమాలిన కబుర్లు పదిహేను నిమిషాల పాటు మనల్ని చంపేస్తాయి. సీన్‌లో ఒక్క డైలాగ్ మారలేదు, మారిందల్లా మన దగ్గరున్న సమాచారం.

దృశ్యం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. ఆ అబ్బాయి ఎలా చనిపోయాడో మనం చూసాం, తల్లీకూతుళ్ళు పెరట్లో పూడ్చడం చూసాం, రాంబాబు (వెంకటేష్) ఊరంతా తిరిగి సాక్ష్యాలు ఎలా తయారుచేసాడో అదీ చూసాం. మామూలు మర్డర్ మిస్టరీలో మనం పోలీసు పక్కన నడుస్తూ ఆధారాలు ఏరుకుంటాం కదా, ఇక్కడ మనం ముద్దాయి ఇంట్లో కూర్చున్నాం. అందుకే పోలీసాఫీసరు, ఆ కుర్రాడి తల్లి అయిన నదియా అడిగే ప్రతి ప్రశ్నా మనల్నే అడిగినట్టుంటది. చిన్నపాపని పక్కకి తీసుకెళ్ళి అడుగుతున్నప్పుడైతే ఆ పిల్ల ఏం చెప్తుందోనని మనం లోపల్లోపల జవాబులు అందిస్తుంటాం.

ఇక్కడ ఒక విషయం ఆలోచించండి, చట్టం ప్రకారం మనం తప్పు చేసినవాళ్ళ వైపు ఉన్నాం. దీనికి మూలం 1960 నాటి హిచ్‌కాక్ సైకోలో ఉంది. హీరోయిన్‌ని చంపే షవర్ సీన్ గురించే అందరూ మాట్లాడతారు గానీ నాకు దాని తర్వాత వచ్చేది ఇంకా గొప్ప. మోటల్ నడిపే నార్మన్ ఆ బాత్రూమ్ అంతా కడిగి, శవాన్ని కార్లో పెట్టి, కారుని బురదగుంటలోకి తోస్తాడు. కారు మునుగుతా మునుగుతా మధ్యలో ఆగిపోద్ది. ఒక్క క్షణం. నార్మన్ అటూ ఇటూ చూస్తాడు, మనం కూడా అయ్యో మునగట్లేదే అనుకుంటాం! అప్పటిదాకా హీరోయిన్ వైపు ఉన్న మనల్ని ఆ చిన్న బ్రేక్‌తో అవతలి వైపుకి లాగేసాడు. రాంబాబు ఆ కుర్రాడి కారుని నీళ్ళలో ముంచే సీన్ వచ్చినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తది.

కాబట్టి నన్నడిగితే కెమెరా, మ్యూజిక్ అన్నీ తర్వాత. ప్రేక్షకుడికి ఏ విషయం ఎప్పుడు తెలియాలి అన్నదే మొదటి నిర్ణయం. మీరు చూసిన కొత్త సినిమా అన్నీ దాచింది, దాచినప్పుడు మనకి భయపడటానికి ఏమీ మిగలదు, వెయిట్ చేయడం తప్ప.

చిక్కడపల్లి_సౌండు:

నేలటికెట్ అన్న మంచిగ చెప్పిండు గానీ మ్యూజిక్ తర్వాత అంటె మాత్రం నేను ఒప్పుకోను. నేను హైదరాబాద్‌ల ఒక స్టూడియోల సౌండ్ పని చేస్త, పొద్దుగాల నుంచి రాత్రి దాక గిదే పని, అందుకె జర పొడుగు రాస్తున్న, ఏమనుకోకుండ్రి.

1975ల జాస్ వచ్చింది కదా, స్పీల్‌బర్గ్ ది. షార్క్ బొమ్మ చేయించిన్రు, ఉప్పు నీళ్ళల్ల అది సక్కగ పనిచెయ్యలే, మాటిమాటికి ఖరాబయ్యింది. దాంతోటి షార్క్‌ని చూపియ్యకుండనే షార్క్ ఉన్నట్టు చెయ్యాల్సి వచ్చింది. జాన్ విలియమ్స్ రెండే రెండు స్వరాలు పట్టుకొని, మెల్లగ మొదలువెట్టి స్పీడ్ పెంచుకుంట పోయిండు. ఇది అందరికి తెల్సిన ముచ్చటనే. చానమంది పట్టించుకోనిది ఇంకోటుంది. బీచ్‌ల ఇద్దరు పోరగాళ్ళు అట్టముక్కతోని షార్క్ రెక్క చేసి జనాన్ని భయపెడ్తరు, అందరు ఉరుకుతుంటరు, గొడవ గొడవ, కాని ఆ సీన్‌ల షార్క్ మ్యూజిక్ రాదు. ఎందుకంటె ఆడ నిజంగ షార్క్ లేదు. అంటె సినిమా మనకి ఒక మాట ఇచ్చింది, మ్యూజిక్ వస్తెనే షార్క్ వస్తది అని. మనం నమ్మినం. తర్వాత పడవ మీద పోలీస్ చీఫ్ నీళ్ళల్ల చేపల ముక్కలు పారేస్తుంటె ఏ మ్యూజిక్ లేకుండ షార్క్ తలకాయ ఒక్కసారి పైకి లేస్తది. ఇచ్చిన మాట తప్పింది! గందుకె థియేటర్ల జనం సీట్లకెళ్ళి లేచిన్రు. మీరు రెండు సీన్లు పక్కపక్కన పెట్టుకొని చూడుండ్రి, సప్పుడుతోటి నమ్మకం ఎట్ల కట్టిన్రో, ఎట్ల కూలగొట్టిన్రో తెలుస్తది.

ఇంకోటి 2007ల కోయెన్ బ్రదర్స్ తీసిన నో కంట్రీ ఫర్ ఓల్డ్ మెన్. సినిమా మొత్తం మీద మ్యూజిక్ ఉందా లేదా అన్నట్టే ఉంటది. హోటల్ రూమ్ సీను, హీరో చీకట్ల తుపాకీ పట్టుకొని మంచం మీద కూసున్నడు. కింద రిసెప్షన్‌కు ఫోన్ చేస్తడు, ఫోన్ మోగుడు కింద నుంచి వినబడ్తనే ఉంటది, ఎవ్వరు ఎత్తరు. గంతె, కిందోడు చచ్చిపోయిండని మనకు ఎవ్వరు చెప్పకుండనే అర్థమైతది. తర్వాత కారిడార్‌ల అడుగుల సప్పుడు. తలుపు కింద సందుల వెలుతురు, ఆ వెలుతురుల రెండు కాళ్ళ నీడ. కాళ్ళు పక్కకు పోతయ్. మల్ల ఆ వెలుతురే ఆరిపోతది. ఈ సీన్ల ఆర్ఆర్ వేసి చూడుండ్రి, మొత్తం పాడైతది, ఎందుకంటె మ్యూజిక్ ఉంటె అడుగుల సప్పుడు కోసం మనం చెవులు పెట్టం.

మన దగ్గర తిప్పలు ఏందంటె, తెలుగు సినిమాలు ఎక్కువ శాతం డబ్బింగ్ మీద నడుస్తయ్. షూటింగ్‌ల రికార్డ్ చేసిన సౌండ్ పక్కన పెట్టి, మాటలు స్టూడియోల మల్ల చెప్పిస్తరు. అప్పుడు ఆ రూమ్‌ల ఉండే గాలి, ఫ్యాన్ తిరుగుడు, బయట కుక్క మొరుగుడు, బండి పోతున్న సప్పుడు, గివన్ని పోతయ్. మల్ల ఫోలీ (అడుగులు, తలుపుల అసొంటి సప్పుళ్ళు స్టూడియోల చేసుడు) చేసి, ఆంబియన్స్ (చుట్టుపక్కల సప్పుడు) వేసి ఒక్కొక్కటి కట్టుకుంట రావాలె. దానికి టైం కావాలె. రిలీజ్ డేట్ నెత్తి మీద ఉంటె టైం ఏడిది? ఖాళీ ఉన్న కాడల్లా ఆర్ఆర్ నింపుతరు. అక్క చూసిన ఓటీటీ సినిమాల చెవులు పగిలే మ్యూజిక్ ఎందుకొచ్చిందో నాకు ఇట్లనే అనిపిస్తది, సీన్ల భయం లేకపోతె మ్యూజిక్ వచ్చి ఇక భయపడుండ్రి అని చెప్తది. ఎవరన్న చెప్తె భయమైతదా?

బీచ్‌రోడ్_వైజాగ్:

కెమెరా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి ఒకటి. హిచ్‌కాక్ తీసిన 1946 నొటోరియస్. పెద్ద ఇంట్లో పార్టీ, కెమెరా పైన బాల్కనీ ఎత్తు నుంచి హాలు మొత్తం చూపిస్తూ మొదలై, ఎక్కడా కట్ లేకుండా కిందకి దిగుతూ దిగుతూ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ పిడికిలి దాకా వస్తుంది, పిడికిలిలో తాళంచెవి. గూఢచర్యం కోసం భర్త దగ్గర దొంగిలించిన సెల్లార్ తాళం అది. ఇన్ని వందల చూపుల మధ్య ఇంత చిన్న వస్తువు ఆమె ప్రాణం తీయగలదు అని ఒక్క షాట్‌లో చెప్పేసారు, ఒక్క మాట లేదు. ఆ తర్వాత పార్టీలో షాంపేన్ సీసాలు తగ్గిపోతుండటం చూపిస్తారు. సీసాలు అయిపోతే భర్త ఇంకొన్ని తేవడానికి సెల్లార్‌కి వెళ్తాడు, వెళ్తే దొరికిపోతారు. ఆ ఐస్ టబ్‌లో మిగిలిన సీసాలే టైం బాంబు అన్నమాట. గడియారం చూపించాల్సిన పని కూడా లేకపోయింది.

లైటింగ్‌కి అయితే 1941 సస్పిషన్. భర్త పాల గ్లాసు పట్టుకుని మెట్లెక్కి వస్తుంటాడు, అందులో విషం ఉందేమోనని భార్య భయం. ఆ పాలల్లో చిన్న బల్బు పెట్టించాడు హిచ్‌కాక్. చీకట్లో మన కన్ను గ్లాసు మీద నుంచి పక్కకి పోదు.

పాతరీలు:

కుర్రాళ్ళంతా ఇంగ్లీషు సినిమాలే చెబుతున్నారు, మనవాటి గురించి కూడా రెండు ముక్కలు చెప్పనివ్వండి. 1985లో వంశీ అన్వేషణ వచ్చింది. అడవి, వరసగా చావులు, పులి పని అని అందరూ అనుకోవడం, సంగీతం మీద పరిశోధనకని పక్షుల కూతలు వినడానికి వచ్చిన భానుప్రియ. నేలటికెట్ బాబు చెప్పిన లెక్క ప్రకారం ఇందులో మనకేమీ తెలియదు, హంతకుడెవరో దాచారు కాబట్టి బోర్ కొట్టాలి. కొట్టలేదే! ఆ రోజుల్లో ఊపిరి బిగబట్టి చూసాం. ఎందుకంటే ఎవరు అన్నది దాచినా, ఎక్కడో దగ్గర్లోనే ఉన్నాడు అన్నది మాత్రం దాచలేదు వంశీ. ఆ చెట్ల వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టుండే కెమెరా, దాని కింద ఇళయరాజా. మొత్తం తెలియక్కర్లేదు, ప్రమాదం ఉందని తెలిస్తే చాలు.

పాటలు సస్పెన్స్‌ని చంపేస్తాయని ఈమధ్య ప్రతివాడూ అంటున్నాడు, అదీ పూర్తిగా నిజం కాదు. 1991 క్షణక్షణంలో శ్రీదేవి, వెంకటేష్‌ల వెనక ఓ పక్క దొంగలు, ఓ పక్క పోలీసులు. అడవిలో రాత్రి, ఆ పిల్ల భయంతో వణుకుతుంటే నిద్రపుచ్చడానికి వెంకటేష్ జామురాతిరి జాబిలమ్మా పాడతాడు. ఆ పాట భయంలోంచే పుట్టింది. అంతసేపు పరుగులు పెట్టించిన సినిమా అక్కడ కాస్త ఊపిరి తీసుకోనిచ్చి, తెల్లారి మళ్ళీ పరుగెత్తించింది. ఎంతసేపూ బిగించి ఉంచితే ప్రేక్షకుడు మొద్దుబారిపోతాడు, వదలడం కూడా తెలియాలి. సీతారామశాస్త్రి గారు, కీరవాణి, వర్మ ముగ్గురికీ అది తెలుసు. పాట ఎక్కడ పెట్టాలో తెలియక హీరోహీరోయిన్లని స్విట్జర్లాండ్ పంపిస్తే అప్పుడు చస్తుంది సస్పెన్స్.

ఇంటర్వెల్ కూడా అంతే. మనకి సినిమా మధ్యలో పావుగంట ఆగుతుంది కాబట్టి మన రైటర్లకి అదొక అదనపు బరువు, ఆ పావుగంట జనం క్యాంటీన్ దగ్గర ఏం మాట్లాడుకోవాలో కూడా వీళ్ళే రాయాలి.

గోదారిగట్టు:

అబ్బా, ఎన్ని విషయాలో! అందరికీ చాలా థ్యాంక్స్ అండి. చిక్కడపల్లి గారూ, ఆ ఫోన్ మోగే సీన్ మీరు రాసింది చదువుతుంటేనే ఒళ్ళు జలదరించింది.

కానీ నేలటికెట్ గారూ, నా అసలు డౌట్ తీరలేదు. మనకి తెలుసు, పోలీసులకి తెలియదు కాబట్టి టెన్షన్ అన్నారు. సరే, మొదటిసారి చూసినప్పుడు అది నిజం, ఎందుకంటే పెరట్లో శవం ఉందనే మనం కూడా అనుకుంటాం. కానీ రాంబాబు దాన్ని ముందే అక్కడి నుంచి తీసేసాడు, తవ్వితే దొరికేది జంతువు కళేబరం. రెండోసారి చూసేవాళ్ళకి ఆ సంగతి తెలుసు కదా! మా అత్తయ్యగారికి గుంతలో ఏమీ లేదని తెలుసు, ఈ కుటుంబానికి ఏమీ కాదని తెలుసు. అంటే మీ బాంబు ఉదాహరణ ప్రకారం టేబుల్ కింద బాంబే లేదు. మరి ఆవిడ ఎందుకు బిగుసుకుపోయారు?

ఇంకోటి, రాక్షసుడులో సైకో హంతకుడు ఎవరో ఆఖర్న గానీ తెలియదు, అయినా సినిమా అంతా భయమేసింది. అది కూడా పాతరీలు గారు చెప్పిన అన్వేషణ లాంటిదేనా?

నేలటికెట్:

మంచి ప్రశ్న వేసారు, నిజంగా. రెండోదానికి ముందు చెప్తా. రాక్షసుడులో (తమిళ రాట్ససన్ రీమేక్ అది, రెండిటికీ జిబ్రాన్ మ్యూజిక్) హంతకుడి మొహం దాచారు గానీ అతని పద్ధతి దాచలేదు. గిఫ్ట్ బాక్స్, అందులో ముక్కలు చేసిన బొమ్మ మొహం. ఒకసారి చూసాక ఇక గిఫ్ట్ బాక్స్ కనపడితే చాలు, తర్వాత ఏమవుద్దో మనకి తెలుసు, ఆ ఇంట్లోవాళ్ళకి తెలియదు. పాతరీలు గారు అన్న మాట కరెక్టే, మొత్తం చెప్పక్కర్లేదు. నేను ముందు రాసినదానికి ఇది కలిపి చదువుకోండి.

చిక్కడపల్లి తమ్ముడూ, నీ వాదనకి బలం నేనే ఇస్తా. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ జర్మనీలో ఎం అనే సినిమా తీసాడు, టాకీలు వచ్చిన కొత్త. పిల్లల్ని చంపేవాడు ఒక ట్యూన్ ఈల వేస్తుంటాడు. మనిషి కనపడకపోయినా ఈల వినపడితే చాలు మనకి అర్థమైపోద్ది. ఆ నటుడు పీటర్ లోర్‌కి ఈల రాకపోతే డైరెక్టరే స్వయంగా వేసాడు. చివరికి వాడ్ని పట్టించేది కూడా ఆ ఈలే, బెలూన్లు అమ్మే ఒక గుడ్డివాడు గుర్తుపడతాడు. సౌండ్ కూడా సమాచారమే, నువ్వు జాస్‌లో చెప్పిన రెండు స్వరాలు చేసే పని అదే. కాబట్టి మనిద్దరం ఒకటే మాట చెప్తున్నాం అనుకుంటున్నా.

గోదారిగట్టు గారి మొదటి ప్రశ్నకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదండి, ఎడిటింగ్ తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తే నేనూ వింటా.

కటింగ్‌టేబుల్:

ఎడిటింగ్ నా పని కాబట్టి ప్రయత్నిస్తాను. కాస్త చుట్టు తిరిగి వస్తా, ఓపిక పట్టండి.

తెలియడం ఒక్కటే సరిపోదండి. తెలిసింది ఎవరి కళ్ళతో చూస్తున్నామన్నది కూడా ముఖ్యం, అదే షాట్ల వరస నిర్ణయిస్తుంది. హిచ్‌కాక్ 1954 రియర్ విండోలో హీరోకి కాలు విరిగి కట్టుతో చక్రాల కుర్చీలో ఉంటాడు, కెమెరా దాదాపు సినిమా అంతా అతని గది వదిలి బయటికి రాదు. ఎదురు బిల్డింగ్‌లో హంతకుడి ఇంట్లోకి గ్రేస్ కెల్లీ దూరుతుంది. ఆ ఇంటి కిటికీలు, పక్కనే కారిడార్, రెండూ ఒకే ఫ్రేమ్‌లో కనపడతాయి. హంతకుడు కారిడార్లో నడిచొస్తున్నాడు, లోపల ఆమెకి తెలియదు, హీరోకి తెలుసు, మనకి తెలుసు, ఇద్దరం లేవలేం. ఆమె పక్కకి కెమెరా వెళ్ళి క్లోజప్ తీస్తే ఆ నిస్సహాయత పోయేది. దూరం నుంచి, చిన్నగా, మాట వినపడకుండా చూపించడం వల్లే అంత భయం.

పైగా ఈ సీన్ రావడానికి ముందే ఆ బిల్డింగ్‌లో ఏ కిటికీ ఎవరిదో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో మనకి బాగా అలవాటు చేసి ఉంచారు. ఇది మన దగ్గర చాలామంది వదిలేస్తున్న సంగతి. ఇల్లు ఎలా ఉందో ప్రేక్షకుడికి తెలియకుండా ఇంట్లో ఛేజింగ్ పెడితే ఎన్ని కట్లు వేసినా అది గందరగోళమే. వంటింటి తలుపు పెరటి వైపుకి తెరుచుకుంటుందని ముందే తెలిస్తే, హీరోయిన్ ముందు గదిలో గడియ పెడుతున్నప్పుడు మన ధ్యాస వంటింటి మీదకి దానంతటదే పోతుంది. షూటింగ్‌లో ఆ వైడ్ షాట్ తీయకపోతే నేను టేబుల్ దగ్గర ఎక్కడి నుంచి తేవాలి చెప్పండి?

ఎడిటింగ్‌తో అబద్ధం కూడా ఆడొచ్చు. 1991 సైలెన్స్ ఆఫ్ ది ల్యాంబ్స్ క్లైమాక్స్, ఎఫ్‌బీఐ వాళ్ళు ఇల్లు చుట్టుముడతారు, ఒకడు బెల్ కొడతాడు, కట్ చేస్తే హంతకుడి ఇంట్లో బెల్ మోగుతుంది, మళ్ళీ బయట, మళ్ళీ లోపల. వాడు తలుపు తీస్తే ఎదురుగా హీరోయిన్, ఎఫ్‌బీఐ ట్రైనీ క్లారిస్ ఒక్కత్తే. ఎఫ్‌బీఐ వాళ్ళు చుట్టుముట్టింది వేరే ఊళ్ళో ఖాళీ ఇల్లు. రెండు చోట్ల జరిగేది అటూ ఇటూ కట్ చేస్తే అవి ఒకే చోటికి వచ్చి కలుస్తాయని ఇన్నేళ్ళ సినిమాలు మనకి నేర్పాయి, ఆ అలవాటునే వాడుకున్నారు. ఇక్కడ గొప్ప ఏంటంటే, మోసం బయటపడిన క్షణంలోనే అసలు టెన్షన్ మొదలవుతుంది, ఆ పిల్ల ఒంటరిగా ఉంది, సాయం ఎక్కడో ఉంది. మామూలు ట్విస్ట్ సినిమాల్లో ట్విస్ట్ తెలిసాక గాలి పోయినట్టు ఉంటుంది. ఇక్కడ ట్విస్టే సస్పెన్స్‌ని పుట్టించింది.

2018 అంధాధున్ (తెలుగులో మాస్ట్రో) పియానో సీన్ కూడా చూడండి. హీరో గుడ్డివాడిలా నటిస్తున్నాడని మనకి తెలుసు. ఎదురుగా శవం, అక్కడే హంతకులు, వాళ్ళు సైగలతో మాట్లాడుకుంటూ శవాన్ని సర్దుతుంటే ఇతను చూస్తూ చూడనట్టు పియానో వాయించాలి. ఆ కాసేపూ కథ మొత్తం అతని మొహం మీద నడుస్తుంది, రెప్ప ఎక్కడ ఆడుతుందో, వేలు ఎక్కడ తడబడుతుందో అని మనం చూస్తుంటాం.

ఇప్పుడు మీ అత్తయ్యగారి దగ్గరికి వస్తా. తవ్వే సీన్‌లో భార్య జ్యోతికి (మీనా), కూతుళ్ళకి శవం తీసేసిన సంగతి తెలియదు. రాంబాబు వాళ్ళకి చెప్పలేదు, తెలియకపోతేనే వాళ్ళు తట్టుకోగలరని. మొదటిసారి చూసినప్పుడు మనం జ్యోతితో పాటు ఉన్నాం, ఆమెకి తెలిసిందే మనకి తెలుసు, గుంత గురించి భయపడ్డాం. రెండోసారి చూసినప్పుడు మనకి తెలియకుండానే రాంబాబు పక్కకి వచ్చేసాం. ఇప్పుడు గుంతలో ఏమీ లేదని తెలుసు, కానీ మీనా మొహం చూస్తే ఆమెకి తెలియదు, పిల్లలకి తెలియదు. ఆ తవ్వడం పూర్తయ్యేలోపు వాళ్ళలో ఎవరో ఒకరు తట్టుకోలేక నోరు తెరిచి ఒప్పేసుకుంటే? బాంబు ఇంకా టేబుల్ కిందే ఉందండి, గుంతలోంచి వాళ్ళ మొహాల్లోకి మారింది అంతే. ఆ సీన్‌లో వాళ్ళ మొహాల షాట్లు తీసేసి గుంత మాత్రమే చూపిస్తే మొదటిసారి సరిపోయేది, రెండోసారికి చచ్చిపోయేది. జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో రాసుకున్న కథలోనే ఇది ఉంది, 2014లో శ్రీప్రియ గారు తెలుగులో దాన్ని చెడగొట్టకుండా ఉంచారు.

అందుకే మీరు చూసిన ఓటీటీ సినిమా రెండోసారి ఎవరూ చూడరు. అందులో మనకి దాచినవి ఉన్నాయి గానీ, ఒక పాత్రకి తెలిసి ఇంకో పాత్రకి తెలియనివి బహుశా లేవు.

చిక్కడపల్లి_సౌండు:

అన్నా, ఆ మీనా మొహం ముచ్చట మస్తు చెప్పినవ్. నేను గిన్ని రోజులు గుంతనే చూసిన, ఆమెను చూడలే. ఈ రాత్రి మల్ల పెడ్త.

గోదారిగట్టు:

కటింగ్‌టేబుల్ గారూ, మీరు రాసింది మా అత్తయ్యగారికి గట్టిగా చదివి వినిపించా. ఆవిడ, అవునే, నేను ఆ పిల్లల మొహాలే చూస్తా, పాపం చిన్నదాన్ని కొడితే చెప్పేసింది కదా, పెద్దది కూడా చెప్పేస్తుందేమోనని నా భయం అన్నారు. మీరన్నదే!

నేను ఇప్పుడు రాస్తున్న కథలో భర్త చేసిన అప్పు సంగతి ఆఖరి పేజీ దాకా పాఠకుడికి దాచి పెడదామనుకున్నా. దాన్ని మొదటి పేజీకి తెచ్చేసి, భార్యకి మాత్రం తెలియకుండా నడిపితే ఎలా ఉంటుందో ఈ వారం రాసి చూస్తా. ఇంకో చిన్న సాయం, మీరంతా చెప్పిన సినిమాల్లో హిచ్‌కాక్ ఒక్కటీ నేను చూడలేదు, ఏది ముందు చూడాలి?

పాతరీలు:

రియర్ విండో ముందు చూడమ్మా. అది పూర్తయ్యాక నొటోరియస్. సైకో ఆ తర్వాత, దాని గురించి అందరూ చెప్పగా చెప్పగా ఇప్పుడు షవర్ సీన్ మనకి ముందే తెలిసిపోయింది, కాబట్టి తొందరేం లేదు, కారు మునిగే దగ్గర మాత్రం కళ్ళు తిప్పకు. అన్వేషణ వీలైతే పెద్ద స్క్రీన్ మీద, సౌండ్ బాగా ఉన్నచోట చూడు, ఇళయరాజాని ఫోన్ స్పీకర్లో వినొద్దు.

చిక్కడపల్లి_సౌండు:

హెడ్‌ఫోన్స్ పెట్టుకొని చూడు అక్కా. రియర్ విండోల పాటలన్ని చానవరకు పక్క ఇండ్లల్లకెళ్ళే వస్తయ్, ఏ పాట ఏ కిటికీలకెళ్ళి వస్తుందో పట్టుకునుడే ఒక పని.